పులిచారల చొక్కాలు, ఎఱ్ఱ కోట్లు

బొమ్మలతో ఆడుకొనుట బాల్యమునకే తగునని లోకము తలంచును. అరువది దాటిన వారు, ఏండ్ల తరబడి కచేరీలో దస్త్రములు త్రిప్పి ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నవారు, అంగుళమెత్తు సిపాయిలకు రంగులు వేసి బల్లమీద యుద్ధము లాడుచున్నారనిన పాఠకులు నవ్వవచ్చును. మా యింటివారే మొదట నవ్విరి. అయినను ఇది మేము కనిపెట్టిన పిచ్చి కాదు.

చదరంగము యుద్ధమే గదా. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగములు గలది గనుకనే దానికి చతురంగమని పేరు వచ్చినది. మండపముల బండలపై గీసిన పులిజూదపు గీతలు మనవారిలో చూడనివారు అరుదు. మేకలు గుంపుగట్టి పులిని కదలనీయకుండ చేయుటయే అందలి గెలుపు. ప్రష్యా దేశమున రైస్విట్స్ అను సేనాధికారి 1824లో పటములమీద దిమ్మెలు జరిపి, పాచికలు వేసి ఆడు యుద్ధక్రీడకు నియమములు ప్రకటింపగా, ఆ దేశపు సైన్యము దానిని అధికారుల శిక్షణకు స్వీకరించినది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకము వ్రాసి, బొమ్మ సిపాయిలతో ఇంటి నేలమీద ఆడు పద్ధతి చెప్పెను. ఆయన బొమ్మ ఫిరంగులు నిజముగనే కొయ్యగుండ్లు చిమ్మెడివి. 1896లో మన బెంగుళూరు దండునకు కుఱ్ఱ అధికారిగా వచ్చిన చర్చిలుకు చిన్ననాట పదునైదు వందల దాక సిపాయిబొమ్మ లుండెడివట. తన బ్రతుకును సైన్యము వైపు త్రిప్పినవి అవియే యని ఆయనయే వ్రాసికొనెను. మాది అంత దూరము పోయిన వ్యవహారము కాదు.

మమ్ము ఇందులోనికి దింపినవాడు కాలేజీలో చదువుచున్న మా మనుమడు. మొదట వాడు తెచ్చినవి నెపోలియను కాలపు ఫ్రెంచి సిపాయిలు. రంగులు వేయుటకు బాగుగనే యుండెను గాని, వాటర్లూతో మాకేమి చుట్టరికము? కృష్ణరాజ మార్కెట్టు ప్రక్కనే ఢిల్లీ దర్వాజా అను కోటవాకిలి నేటికిని నిలిచియున్నది. మేము ఉద్యోగమునకు పోవునపుడు బస్సులో దాని ముందునుండియే పోయెడివారము. మూడవ మైసూరు యుద్ధమున కారన్‌వాలిస్ 1791 మార్చి 7న పేటను, 21వ తేది రాత్రి కోటను పట్టుకొనెను. వృద్ధుడగు కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుచు కూలెను. గోడపై ఆ గండిని తెలుపు ఫలకము కలదు. మనుమనిని ఒక ఆదివారము అచ్చటికి తీసికొనిపోయితిమి. ఆనాటినుండి మా బల్లమీద వాటర్లూ లేదు.

అయితే ఆ కాలపు మైసూరు సిపాయిల లోహపు బొమ్మలు విదేశమునుండి తపాలాలో రావలెను. ఆ ధర పింఛనుదారునకు మించినది. అందుచే చవుకైన ప్లాస్టిక్ బొమ్మలను కొని, టోపీలు కోసి, గొట్టముల చిల్లులు మూయు ఎం-సీలు ముద్దతో తలపాగాలు చుట్టుచున్నాము. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱను మలచి, రంపపుపొట్టును చింతగింజల బంకతో కలిపిన మక్కుతో అవయవములతికి, సున్నము పూసి, ఆపైన రంగులు వేయుదురు. మాదియు అదే వరుస: ఎం-సీలే మక్కు, తెల్లని అడుగుపూతయే సున్నము. బొమ్మను మందుసీసా మూతకు అంటించి, మణికట్టు బల్లకానించి, ఊపిరి బిగబట్టి గీయవలెను. రంగు చిక్కగా ఒకసారి వేయుటకంటె పలుచగా రెండుసార్లు వేయుట మేలు. పిదప నల్లనీరు పారించిన ముడుతలలో నిలిచి నీడ యగును. కుంచెను గుడ్డకు తుడిచి, పొడిగా మిట్టలపై రాచిన వెలుగు వచ్చును. అన్నిటికంటె కష్టమైనది టిప్పు పదాతుల చొక్కా. ఊదాబట్టపై పులిచారలు! ఒక్కొక్క చొక్కాకు ఇరువది గీతలు తక్కువ కావు. ఖాతాపుస్తకముల సన్నగడులలో అంకెలు వ్రాసిన చేయి గనుక సాగుచున్నది. మా పదవ తరగతి చదువునకు ఇంతకంటె చక్కని వినియోగము ఇదివరలో దొరకలేదు. (టిప్పుకు పులిపై గల మోజు చొక్కాలతో ఆగలేదు. తెల్లసిపాయిపై పడిన కొయ్యపులి, లోపల గాండ్రించు యంత్రముతో సహా, లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ వస్తుశాలలో నున్నది. అదియు బొమ్మయే.)

ఎఱ్ఱ కోట్లవద్ద వచ్చినది చిక్కు. కోటమీదికి నడచిన వారందఱును తెల్లవారు కారు. చెన్నపట్టణపు సైన్యములో దేశీయ సిపాయిలే మిక్కిలి. ఉత్తరదేశమువారు కుంఫిణీ సిపాయిలను ‘తిలంగా’లని పిలుచుటకు, మొదట వారు తెలుగునాట చేరుటయే కారణము. మా పూర్వులలో నొకరు ఆ సైన్యమున నుండెడివారని మా నాయనమ్మ చెప్పెడిది. ఈ మాట మనుమనికి చెప్పితిమి. వాడు కుంచె క్రిందపెట్టెను.

“అయితే తాతా, ఈ కోటని కూల్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారా?”

“జీతానికి కుదిరారురా. నెలకింత బత్తెం అన్నారు, వెళ్లారు. నేనూ జీతానికే రాశాను గదా. రాసిన కాగితం ఎవరికి మేలు చేసిందో, ఎవరికి కీడు చేసిందో గుమాస్తాకి తెలుస్తుందా?”

“గుమాస్తా తుపాకి కాల్చడు గదా, తాతా.”

దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను, నేటికిని లేదు. ఆనాటినుండి వాడు కుంఫిణీ పక్షమున ఆడుటలేదు. కనుక ఎఱ్ఱ కోట్లను నడుపు పని ఎల్లప్పుడు మాకే వచ్చుచున్నది. కాల్బలమునకు ఆరంగుళములు, గుఱ్ఱములకు పండ్రెండు. పాచిక నాలుగు మొదలు ఆరు వఱకు పడిన గుండు తగిలినట్లు. ఇంతవఱకు ఐదుసార్లు ఆడితిమి. కోట మూడుసార్లు పడినది, రెండుసార్లు నిలిచినది. నిలిచిన రాత్రులు మనుమడు రెండు ముద్దలు ఎక్కువ తినును.

పేటవాకిలివద్ద చనిపోయిన కర్నలు మూర్‌హౌసు పేరు చరిత్రపుస్తకములలో కలదు. ఆయన వెంట నడచిన సిపాయిల పేర్లు మేము చదివినవానిలో కానరావు. అందుచే వారికి ముఖములు వేఱువేఱుగా వేయుచున్నాము. ఒకనికి మీసము, ఒకనికి నెరసిన గడ్డము, కొందఱికి నొసట నామము, కొందఱికి విభూతి. నామములు, గడ్డములు కూడదను ఉత్తరువు తరువాతిది. 1806లో వేలూరు సిపాయిలు తిరుగబడుటకు అదియొక కారణము. 1791లో నామముతో నడువవచ్చును.

గడచిన దసరాకు కొలువులో వీరికి చోటు కావలెనని మనుమడు పట్టుపట్టెను. మా యింటావిడ చాలసేపు ఆలోచించి, క్రింది మెట్టున, చన్నపట్న బొమ్మల ప్రక్కన చోటిచ్చినది. “ఏమండీ, తుపాకులు మాత్రం దేవుళ్లవైపు పెట్టకండి” అని షరతు. ప్రక్కింటి కన్నడ అమ్మగారు పేరంటమునకు వచ్చి, కిల్లేదారు తెల్లగడ్డమును చూచి, ఈ తాతగారెవరని అడిగినది. మనుమడు అరగంట చెప్పెను. తిలంగాలను గూర్చియు చెప్పెను; ఎవరి పక్షమని మాత్రము ఆమె అడుగలేదు, వాడును చెప్పలేదు.

ఇంకను నలువది పులిచారల చొక్కాలు మిగిలియున్నవి. కుడికంటి శుక్లమునకు మాఘమాసమున శస్త్రచికిత్స జరుగవలసియున్నది. చారలు ఎడమకంటితోనే గీయుచున్నాము. నామములు గీయుట ఇప్పుడు మనుమడు తీసికొనినాడు.