తెర మీద ఊరి పేరు

భాషకు ప్రాణం పలుకుబడి అయితే, ఆ పలుకుకు నిలకడను ఇచ్చేది లిపి. తాటాకు మీద గంటంతో వ్రాసిన లేఖకుడు, సీసపు అచ్చులను వరుసగా పేర్చిన ముద్రాపకుడు తెలుగు అక్షరాన్ని తమ తమ సాధనాలకు అనుగుణంగా తీర్చుకున్నారు. నేడు ఆ బాధ్యత కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి సంక్రమించింది. సాధనం మారినా, అక్షరం రూపు చెడకుండా నిలవాలన్న అక్కర మాత్రం మారలేదు.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ ఒక మండల కేంద్రం. భూగర్భ జలాలలోని ఫ్లోరైడు వలన దంతాలు, ఎముకలు దెబ్బతిని, అక్కడి ప్రజలు తరాల పర్యంతం బాధలనుభవించారు. అందుచేత ఆ ఊరి పేరు వినతిపత్రాలకు, వైద్య నివేదికలకు, మంచినీటి పథకాల కాగితాలకు ఎక్కింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల దశకంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధిచేసే విధానాన్ని రూపొందించి, దానికి ఆ జిల్లా పేరే పెట్టింది. కాని ఆ పేరు రోమన్ లిపిలో లోకమంతా తిరుగుతూ తనలోని ఒక లకారాన్ని పోగొట్టుకున్నది. పేరు సరిగా ఉండడమంటే మొర సరైన చోటికి చేరడమే. కనుక ఊరి పేరును కంప్యూటరులో తప్పులేకుండా వ్రాయడం చిన్న విషయమేమీ కాదు.

‘మర్రిగూడ’ అన్న మాటలో అక్షరాలు ఎన్ని అని బడిపిల్లవానిని అడిగితే నాలుగని చెబుతాడు: మ, ర్రి, గూ, డ. కంప్యూటరు లెక్క వేరు. దానికి ఈ మాట ఎనిమిది సంకేతాల వరుస. మకారం, రేఫం, పొల్లు, మరల రేఫం, గుడి, గకారం, కొమ్ము దీర్ఘం, డకారం. మన వ్యాకర్తలు ద్విత్వాక్షరాన్ని హల్లులుగా, అచ్చుగా విడదీసి చూపిన పద్ధతికి ఇది ఎంతో దగ్గర.

ఈ సంకేతాలను మీటల మీద అమర్చడానికి భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రమాణంగా నిర్ణయించింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమచేతి వైపున, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపున ఉంటాయి. క, ఖ ఒకే మీట మీద, గ, ఘ మరొక మీట మీద చేరడం వలన వర్ణమాల వచ్చినవారికి అమరిక త్వరగా పట్టుబడుతుంది. తెలుగులో రేఫాన్ని ఇచ్చే మీటయే హిందీలోను, కన్నడంలోను రేఫాన్ని ఇస్తుంది. మర్రిగూడ అని వ్రాయడానికి వరుసగా సి, జె, డి, జె, ఎఫ్, ఐ, టి మీటలను, చివర పి పక్కనున్న చదరపు బ్రాకెట్టు మీటను నొక్కాలి.

మీటల సంగతి ఇలా తేలికగా కుదిరినా, తెర సంగతి అంత తేలిక కాదు. లినక్స్ వంటి వ్యవస్థలలో చిత్రాలు, కిటికీలు లేని, కేవలం అక్షరాలే కనబడే నల్లని తెర ఒకటి ఉంటుంది. దానిని కన్సోల్ అంటారు. అది గళ్ల కాగితం వంటిది. సాధారణంగా అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 25 వరుసలు ఉంటాయి. దాని ఫాంటులో పట్టే రూపాలు 256, లేదా 512 మాత్రమే. ‘లోడ్‌కీస్’ అనే ఆదేశంతో మీటల అమరికను, ‘సెట్‌ఫాంట్’ అనే ఆదేశంతో ఫాంటును మార్చుకోవచ్చు. గడికి ఒక అక్షరం చొప్పున నడిచే ఇంగ్లీషుకు ఈ ఏర్పాటు చాలు.

తెలుగుకు ఇది చాలదు. ‘ర్రి’ని వ్రాసేటప్పుడు గుడిని చివర నొక్కుతాము, అది పోయి మొదటి రేఫం తల మీద కూర్చోవాలి. రెండవ రేఫం వత్తుగా మారాలి. గడి దాటి కదలలేని కన్సోల్‌లో ఈ పొందిక కుదరదు. పొల్లు ఒకచోట, గుడి ఒకచోట విడిపడి, ఊరి పేరు ముక్కలవుతుంది. హల్లులకు వత్తులను, గుణింతాలను కలిపి లెక్కిస్తే రూపాలు వేలకు చేరుతాయి. వాటికి 512 స్థానాలు ఏ మూలకు?

ఈ చిక్కును విప్పడానికి మనవారు చేసిన కృషి గణనీయం. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, పుణెలోని సీ-డాక్ సంస్థలో విస్తరించిన జిస్ట్ సాంకేతికత ఒక ప్రత్యేక కార్డు ద్వారా పాతకాలపు అక్షరాల తెరలపైన కూడా భారతీయ లిపులను చూపగలిగింది. తరువాత అచ్చుపనికోసం వచ్చిన ఫాంట్లు అందంగానే ఉన్నా, ఒక్కొక్కటి ఒక్కొక్క సంకేత పద్ధతిని పాటించింది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు వ్యాసం రోమన్ అక్షరాల కుప్పగా కనిపించేది. వెదికినా పేరు దొరికేది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలను కేటాయించి ఈ అరాచకానికి అడ్డుకట్ట వేసింది. దేశికాచారి రూపొందించిన పోతన 2000, విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి వంటి ఫాంట్లు వత్తులు, గుణింతాలు కలిసే నియమాలను తమలోనే ఇముడ్చుకున్నాయి.

ఇందులో విద్యార్థులు గ్రహించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. భద్రపరచడం వేరు, చూపడం వేరు. కన్సోల్‌లో ‘మర్రిగూడ’ ముక్కలై కనబడినంత మాత్రాన పేరు చెడిపోయినట్లు కాదు. ఎనిమిది సంకేతాలు సరైన వరుసలో ఉంటే, నియమాలు తెలిసిన మరొక తెర మీద అదే పేరు నిండుగా వెలుస్తుంది. తెర మీది వికారాన్ని చూసి విసుగు చెంది, నడుమ ఖాళీలు చేర్చినా, గుర్తులను తారుమారు చేసినా, తెలుగును వదలి రోమన్ లిపిని ఆశ్రయించినా పేరుకు నిజమైన హాని అప్పుడే కలుగుతుంది.

తాటాకులను నకలు చేసిన లేఖకుడు మూలంలోని ఒక వత్తును విడిచిపెడితే, ఆ లోపం తరువాతి ప్రతులన్నింటికీ సంక్రమించేది. నేటి ప్రతులు క్షణంలో వేలకు వేలు పుడుతున్నాయి. కాబట్టి మొదట వ్రాసేవాని జాగ్రత్త మునుపటికన్న ఎక్కువ అవసరం. తన ఊరి పేరును తన లిపిలో ఒక్క వత్తు కూడా పోకుండా వ్రాయగలగడం ప్రతి తెలుగు విద్యార్థి కనీస ధర్మం.