రైతు బజారు చూద్దాం రండి

ఈ పూట మీ ఇంట్లో ఏం కూర వండారు? వంకాయా? బెండకాయా? అది ఏదైనా సరే, మీ వంటింటికి రాక ముందు ఎక్కడ ఉన్నదో, ఎవరెవరి చేతులు మారి వచ్చిందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఇవాళ మనం ఒక వంకాయల గంప వెంట విశాఖపట్నం పోయి వద్దాం. అయితే ఒక షరతు ఉన్నది. కోడి కూయక ముందే లేవాలి!

మన ప్రయాణం ఆనందపురంలో మొదలవుతుంది. ఇది విశాఖపట్నానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఇక్కడా, పద్మనాభం, భీమునిపట్నం వైపు పల్లెల్లోనూ రైతులు కూరగాయలు పండిస్తారు. మన రైతు నిన్న సాయంత్రం ఎండ తగ్గిన తరువాత వంకాయలు కోశాడు. ఆయన భార్య తోటకూర కట్టలు కట్టి, వడలిపోకుండా తడిగుడ్డ కప్పింది. ఇంకా చీకటి ఉండగానే గంపలన్నీ ఆటోలోకి ఎక్కించారు. మనం కూడా ఒక మూల సర్దుకుని కూర్చుందాం.

ఆటో మధురవాడ దాటింది. కంబాలకొండ అడవి చీకట్లో నల్లగా కనిపిస్తున్నది. ఇక్కడే జంతుప్రదర్శనశాల ఉన్నది గాని, ఈ వేళప్పుడు మనకు దానితో పని లేదు. హనుమంతవాక దాటి కొద్దిదూరం పోతే ఎం.వి.పి. కాలనీ వస్తుంది. అక్కడే రైతు బజారు.

లోపలికి వెళ్ళగానే ముందు గంపల వంక కాదు, ధరల బోర్డు వంక చూడండి. ఆ రోజు ఏ కూర కిలో ఎంతో దాని మీద రాసి ఉంటుంది. ఆ ధర ఎవరో ఒక్కరు తోచినట్టు చెప్పినది కాదు. ఆ పూట టోకు మార్కెట్టులో ధర ఎంత ఉన్నదీ, బయటి కొట్లలో చిల్లర ధర ఎంత ఉన్నదీ తెలుసుకుని, బజారు అధికారీ రైతుల ప్రతినిధులూ కలిసి నిర్ణయిస్తారు. అది టోకు ధరకంటే ఎక్కువగా, చిల్లర ధరకంటే తక్కువగా ఉంటుంది. అందుచేత అమ్మేవాడికీ లాభమే, కొనేవాడికీ లాభమే.

ఇద్దరికీ లాభం ఎట్లా వచ్చింది? ఆ సంగతి తెలియాలంటే ఇంకొక వంకాయ కథ వినాలి. ఆ వంకాయ ఈ బజారుకు రాలేదు. రైతు దాన్ని టోకు మార్కెట్టుకు తోలాడు. అక్కడ కమిషను ఏజెంటు దాన్ని వేలం వేయించి తన కమిషను తీసుకున్నాడు. టోకు వ్యాపారి కొని చిల్లర వర్తకుడికి అమ్మాడు. చిల్లర వర్తకుడు మీ అమ్మకు అమ్మాడు. వంకాయ ఆగిన ప్రతి చోటా దాని ధర కొంచెం పెరిగింది.

వీళ్ళంతా దొంగలని మాత్రం అనుకోకండి. మోసినవాడికి కూలి ఇవ్వాలి, లారీకి డీజిలు పోయాలి, దారిలో కుళ్ళిన సరుకు నష్టం ఎవరో ఒకరు భరించాలి. చిక్కు ఎక్కడున్నదంటే, ఇంత పొడవు దారిలో ధర చెప్పే అవకాశం లేనివాడు రైతు ఒక్కడే. వడ్లయితే, ధర నచ్చకపోతే గాదెలో దాచుకోవచ్చు. వంకాయలను దాచలేడు గదా! ఇవాళ ఎంతిస్తే అంతకు అమ్ముకుపోవాలి.

2024లో రిజర్వు బ్యాంకు ఒక పరిశీలనను ప్రకటించింది. టమాటాలకు మనం ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని అందులో తేలింది. ఉల్లిపాయలకు 36, బంగాళాదుంపలకు 37 పైసలు. మదనపల్లె టమాటాల మార్కెట్టు పేరు మీరు వినే ఉంటారు. పంట అంతా ఒక్కసారి వచ్చి పడి ధర కూలిపోయినప్పుడు, కోత కూలి కూడా గిట్టక, రైతులు టమాటాలను పారబోసిన రోజులున్నాయి.

ఈ దారిని పొట్టి చెయ్యాలన్న ఆలోచన కొందరికి వచ్చింది. మన దేశంలో 1987లో పంజాబు రాష్ట్రం ‘అప్నీ మండీ’ అనే సంతలు పెట్టింది. ఆ మాటకు ‘మన సంత’ అని అర్థం. 1999 జనవరి 26న, రిపబ్లిక్ దినోత్సవం నాడు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ఆరంభమైనాయి. అదే ఏడు నవంబరు 14న తమిళనాడులో, మదురైలో, ‘ఉళవర్ సందై’ తెరిచారు. ‘ఉళవర్’ అంటే దున్నేవారు. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కూడా రైతు బజార్లు నడుస్తున్నాయి.

రైతు బజారులో చోటుకు అద్దె లేదు, కమిషను లేదు. కాని ఎవరు పడితే వారు వచ్చి కూర్చోవటానికి వీల్లేదు. రైతుకు ఫోటోతో గుర్తింపు కార్డు ఉండాలి. ఆయనకు పొలం ఉన్నదా, అందులో ఏం పండిస్తున్నాడు అని విచారించి ఆ కార్డు ఇస్తారు. ఇక్కడ పండని ఉల్లిపాయలు, బంగాళాదుంపల వంటి వాటిని స్త్రీల స్వయం సహాయక సంఘాలవారు తెచ్చి అమ్మవచ్చు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? టోకున కొన్న సరుకు తెచ్చి, రైతునని చెప్పి కూర్చునేవాళ్ళు కూడా ఉంటారు గనక. అటువంటి వాడు ఒకడు చేరితే, ఒక నిజమైన రైతుకు చోటు పోయినట్టే. అట్లాంటివాళ్ళు పదిమంది చేరితే, అది పేరుకు రైతు బజారు, పనికి మామూలు బజారు!

నిజమైన రైతు కష్టం కూడా చూడండి. వంగనారు నాటిన సుమారు రెండు నెలలకు కాపు మొదలవుతుంది. ఆ తరువాత నాలుగైదు రోజులకొకసారి కాయలు కొయ్యాలి. కోసినప్పుడల్లా బజారుకు రావాలి. ఇక్కడ కూర్చున్న పూట అక్కడ తోటకు నీరు పెట్టేవాళ్ళుండరు. ఇంట్లో ఇద్దరు మనుషులుంటే సరే, ఒక్కడే ఉంటే ఏం చేస్తాడు? లారీల కొద్దీ పంట పండినవాడు గంప ముందు కూర్చుని ఎంతని అమ్మగలడు? అందుచేతనే రైతు బజార్లు వచ్చి ఇన్నేళ్ళయినా, మనం తినే కూరల్లో చాలా భాగం ఇంకా ఆ పొడవు దారినే వస్తున్నది.

అదుగో, పొద్దెక్కింది. మన గంపలో అడుగున కాసిని వంకాయలే మిగిలాయి. ఒకాయన వచ్చి, బోర్డు చూసి కూడా, ‘‘కిలోకు రెండు రూపాయలు తగ్గించు,’’ అంటున్నాడు.

‘‘బాబూ, బోర్డు మీద రాసిన ధరే కదా! కోత కూలీ, ఆటో కిరాయీ అందులోంచే పోవాల,’’ అన్నది రైతు భార్య.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, రాసిన ధరకే కిలో వంకాయలు కొనుక్కుని వెళ్ళాడు. ఆ రెండు రూపాయలూ దళారి చేతికి పోయేవి కావని ఆయనకు అర్థమై ఉంటుంది.

మీ ఊళ్ళో కూడా రైతు బజారు ఉంటే, ఈసారి మీ అమ్మతోనో నాన్నతోనో వెళ్ళండి. సంచీ మీరే పట్టుకోండి. గంప ముందు కూర్చున్నవారిని మూడు ప్రశ్నలు అడగండి: ‘‘మీది ఏ ఊరండీ? ఇవి ఎప్పుడు కోశారు? మొక్కలు నాటి ఎన్నాళ్ళయింది?’’

మారుబేరగాడైతే నీళ్ళు నములుతాడు. నిజమైన రైతయితే, మీరు చాలనేదాకా చెబుతాడు. తన పంటను గురించి ఆయనను అడిగేవాళ్ళు అంత తక్కువ మరి!