వినబడని పేజీ

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ వరకు రోడ్డుకు ఇరుప్రక్కల కంప్యూటరు శిక్షణ, ఉద్యోగ పరీక్షల కోచింగ్ బోర్డులు కనబడును. పల్లెల నుండి వచ్చిన మన బిడ్డలు అనేకులు ఇక్కడ హాస్టళ్లలో ఉండి చదువుకొనుచున్నారు. వారిలో చూపు లేనివారును ఉన్నారు.

చూపు లేనివారు కంప్యూటరు ఎట్లు వాడుదురని కొందరు మమ్మును అడుగుదురు. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాఫ్ట్‌వేరు కలదు. మైఖేల్ కరన్ అను అంధుడైన ఆస్ట్రేలియా యువకుడు 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అట్టిది. అది ఉచితముగా దొరకును, తెలుగును కూడ పలుకును. మౌస్‌తో పనిలేదు, కీబోర్డు చాలును. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ ఇదే పని చేయును.

అయితే వెబ్‌సైటు తయారుచేయువారు అజాగ్రత్తగా ఉన్నయెడల ఆ సాఫ్ట్‌వేరు ఏమి చేయగలదు? పేరు వ్రాయని బటన్ వచ్చినప్పుడు "బటన్" అని మాత్రమే పలుకును. స్కాను చేసి బొమ్మగా పెట్టిన నోటీసు తరచు దానికి అందదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలోని తెలుగు కంటికి చక్కగానే యుండును గాని, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరముల గుర్తులే. వినువారికి అది అర్థములేని ధ్వని.

మా సంఘములోని ఒక అంధ యౌవనస్థుడు ఉద్యోగ దరఖాస్తు అంతయు తానే నింపెను. చివరకు బొమ్మలోని వంకర అక్షరములను చూచి టైపు చేయుమని వచ్చెను. వాటిని వినిపించు ఏర్పాటు లేదు. గడువు ఆ రాత్రితో ముగియును. ఇంటర్నెట్ సెంటరుకు పోయి, డబ్బిచ్చి, తన పాస్‌వర్డు పరాయివానికి చెప్పవలసి వచ్చెను. "అయ్యగారూ, నాకు చదువు రాక కాదు, ఆ బొమ్మ మాట్లాడక" అని అతడు మాతో అనినప్పుడు మాకు జవాబు తోచలేదు.

ఇది దయ చూపవలసిన సంగతి మాత్రమే కాదు, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి సౌకర్యమును కోరుచున్నది. డిజిటల్ సేవలు అందుట రాజ్యాంగములోని 21వ అధికరణము ఇచ్చు జీవించు హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పెను.

చేయవలసినది గొప్ప పని కాదు. ప్రతి బొమ్మకు మాటలలో వివరణ, ప్రతి గడికి పేరు, వీడియోలకు చెవిటివారి కొరకు క్రింద అక్షరములు ఉండవలెను. వెబ్ డిజైను నేర్చుకొనుచున్న యౌవనస్థులు ఒకసారి తెర ఆర్పి, తమ పేజీని చెవులతో విని చూడవలెను. ఇక మన మాటకు వత్తుము. వాట్సాప్‌లో కూడికల పోస్టరు పంపునప్పుడు తేదీ, సమయము, స్థలము దాని క్రింద అక్షరములలోనూ వ్రాసి పంపుదము. దానికి పట్టునది రెండు నిమిషములే.