ముప్పు లెక్క

తెలుగులో 'రిస్కు'కు సాటివచ్చే మాట వెదకబోతే మొదట తట్టేది ముప్పు. నిఘంటువులు దీనికి ఆపద అనీ, ముసలితనమనీ రెండర్థాలు చెబుతాయి. ఆ రెండూ ఒక్క మాటలో ఇమడటంలోని ఔచిత్యాన్ని నా వయసువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఈ మాట మీదికి మనసు పోవడానికి కారణం, ఔషధ ప్రయోగాల ఖర్చునూ రిస్కునూ ముందుగానే లెక్కకట్టే సాఫ్టువేర్లను గురించి ఈమధ్య చదవడం. అక్కడ రిస్కు అంటే ఎవరికి కలిగే ముప్పు అన్న సందేహం నన్ను వదలలేదు.

కొత్త మందును మనుషులపై పరీక్షించే ముందు ప్రోటోకాల్ అనే ప్రణాళికాగ్రంథం ఒకటి రాసుకుంటారు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని కూడదు, ఎందరు, ఎన్నాళ్ళు, ఎన్నిసార్లు రక్తం తీయాలి, ఏది జరిగితే మందు పనిచేసినట్లు - ఇవన్నీ అందులో ఉండాలి. నూరు పుటలు దాటేవీ ఉంటాయి. థామస్ వుడ్, డగ్లస్ మెక్‌నేర్ అనేవారు 2023లో ప్రకటించిన 'క్లినికల్ ట్రయల్ రిస్క్ టూల్' అన్న సాఫ్టువేరు ఈ గ్రంథాన్ని తానే చదువుతుంది. మొదట ఎయిడ్స్, క్షయ రోగాల ప్రయోగాల కోసం దాన్ని తయారుచేశారు. ఎందరిపై ప్రయోగమో సంఖ్య ఉన్నదా, మందు వల్ల ఎంత గుణం ఆశిస్తున్నారో చెప్పారా, ఫలితాలను విశ్లేషించే గణాంక ప్రణాళిక ఉన్నదా, ఎన్ని దేశాల్లో జరుపుతారు - ఇటువంటివి ఏరి, మార్కులు వేసి, రిస్కు ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అన్నది తేలుస్తుంది. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి గనుక ఈ పద్ధతి నాకు కొత్తగా తోచలేదు. ఉండవలసిన మాటలు ఉన్నవో లేవో చూసి మార్కులు వేసేవారు మాలోనూ ఉండేవారు.

ఇక్కడ రిస్కు అంటే రోగికి అపాయమని కాదు. ప్రయోగం ఏ జవాబూ చెప్పకుండానే ముగిసిపోవడం. ఇది చిన్న విషయమనుకోరాదు. నూటికి ఇరవైమందికి వచ్చే జబ్బును కొత్త మందు పదిమందికి తగ్గిస్తుందని ఆశపడితే, వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం మందిచ్చే జట్టులో 200 మంది, ఇవ్వని జట్టులో 200 మంది ఉంటే సరిపోతుంది. పదికి కాక పదిహేనుకే తగ్గిస్తుందనుకుంటే జట్టుకు 900 మంది కావాలి. ఆశను సగానికి తగ్గిస్తే మనుషులు నాలుగున్నర రెట్లయ్యారు! అయిదోవంతు మంది నడుమ మానేస్తారనుకుంటే తొమ్మిదివందలు పదకొండువందల ఇరవై అయిదు కావాలి. ఈ లెక్క చూసి జడిసి రెండువందలతోనే కానిచ్చేవారు ఉంటారు. అప్పుడు మందు నిజంగా కొంత పనిచేస్తున్నా ఆ సంగతి తేలదు. మందు మింగినవారూ, రక్తమిచ్చినవారూ, కూలి మానుకుని ఆసుపత్రికి తిరిగినవారూ ఎవరికీ పనికిరాని శ్రమ చేసినట్లవుతుంది. అటువంటి ప్రయోగాన్ని ముందే పసిగట్టే యంత్రం ఉంటే ఎవరు కాదంటారు? నేను మాత్రం అననుగాక అనను.

ఖర్చు లెక్క కూడా ఈ సంఖ్య మీదనే నడుస్తుంది. మనిషికి ఎన్ని రాకపోకలు, రాకకు ఎన్ని పరీక్షలు, ఎన్ని ఆసుపత్రులు, పర్యవేక్షకుల ప్రయాణాలు. అసలు చిక్కు కాలంతో వస్తుంది. మనుషులు ఏ వేగాన చేరతారో ఎవరూ చెప్పలేరు. లూయీ లసానా అనే అమెరికన్ వైద్యుని పేరిట ఒక చమత్కార సూత్రం ప్రచారంలో ఉంది: ఊరినిండా ఉన్నారనుకున్న రోగులు ప్రయోగం మొదలుకాగానే మాయమవుతారట. అందుకని సాఫ్టువేరు ఒక్క అంచనాతో సరిపెట్టుకోదు. చేరికను ఒకసారి వేగంగా, ఒకసారి మందంగా ఊహించి, ఆ ప్రయోగాన్ని కంప్యూటరులోనే వేలసార్లు నడిపి చూస్తుంది. జూదానికి పేరుపొందిన ఊరి పేరిట దీన్ని మాంటీ కార్లో పద్ధతి అంటారు. పేరు పెట్టినవారు సత్యసంధులు.

మరి, ప్రయోగంలో చేరిన మనిషి ముప్పు ఈ లెక్కల్లో ఎక్కడుంది? మన దేశంలో దానికొక సూత్రం ఉంది. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమాల్లో, ప్రయోగం కారణంగా మనిషి మరణిస్తే ఇవ్వవలసిన పరిహారాన్ని ఇలా చెప్పారు: ఎనిమిది లక్షల రూపాయల మూలధనాన్ని వయసు గుణకంతోనూ, రిస్కు గుణకంతోనూ హెచ్చవేసి 99.37తో భాగించాలి. వయసు గుణకం పదహారేళ్ళలోపు వారికి 228.54, అరవై అయిదు నిండినవారికి 99.37. రిస్కు గుణకం ఆర్నెల్లకు మించి బతకడనుకున్న రోగికి 0.5, ఆరోగ్యవంతుడికి 4. అంటే ముప్పు తగ్గినకొద్దీ రిస్కు గుణకం పెరుగుతుందన్నమాట! పేరుకూ అర్థానికీ ఇంత వైరం వ్యాకరణంలో కూడా అరుదు. ఆ సూత్రం చొప్పున ఆరోగ్యంగా ఉన్న పదహారేళ్ళ పిల్లకు సుమారు 73 లక్షల 60 వేలు, నావంటి వృద్ధుడు ఆరోగ్యంగా ఉంటే 32 లక్షలు, చావుకు దగ్గరైతే 4 లక్షలు. ముప్పుకు ముసలితనమన్న అర్థం కూడా ఉందని ఆ నియమాలు రాసినవారికి తెలిసే ఉంటుంది.

ఖర్చు వేసేవారికి ఇది బీమా పద్దు కిందికి వస్తుంది. అక్కడికి అంకెల పని ముగుస్తుంది. ముగియని సంగతికి ఖమ్మం ఉదాహరణ. పైన చెప్పిన సాఫ్టువేరుకు ధనసహాయం చేసిన గేట్స్ ఫౌండేషనే, పాత్ అనే సంస్థ ద్వారా 2009లో నాటి ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకా కార్యక్రమానికి సాయపడింది. భద్రాచలం సహా ఖమ్మంలోని మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు టీకాలు వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో ఆపివేశారు. ఆ మరణాలకు టీకాతో బహుశా సంబంధం లేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. అసలు ఇది క్లినికల్ ట్రయల్ కాదన్నారు నిర్వాహకులు. అదేనన్నది 2013లో పార్లమెంటు స్థాయీసంఘం. ఆ వివాదం కన్నా నన్ను ఆపింది ఆ నివేదికలోని ఒక లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 వసతిగృహాల వార్డెన్ల సంతకాలు.

ప్రగతి పత్రాలపై తల్లిదండ్రుల సంతకాలు ఎలా చేరతాయో బడిలో చూసినవారికి ఈ అంకెలు వింతగొలపవు. భద్రాచలం అడవిలో కూలికి పోయిన తల్లి, వసతిగృహంలో కూతురు, బల్ల మీద కాగితాల కట్ట. వార్డెను దుర్మార్గుడు కానక్కరలేదు, పని త్వరగా తెమిలితే చాలనుకున్నవాడైనా చాలు. 'తల్లిదండ్రుల సమ్మతి తీసుకోబడును' అన్న వాక్యం ప్రోటోకాల్లో ఉంటే చదివే యంత్రం దాన్ని గుర్తిస్తుంది. ఆ కర్మణి ప్రయోగంలో కర్త ఎవరో అది అడగదు. మనమూ అడగం, అది వేరే సంగతి.

ఇప్పటి నియమాల్లో చదవలేనివారి సమ్మతికి నిష్పాక్షికుడైన సాక్షి ఉండాలి. కొత్త రసాయనాల ప్రయోగాల్లో బలహీనస్థితిలో ఉన్నవారి సమ్మతిని దృశ్యరూపంలో రికార్డు చేయాలి. వీటికీ ఖర్చవుతుంది: కెమెరా, సాక్షికి దారిఖర్చు, భద్రాచలం వంటి చోట కోయభాషలో చెప్పగల మనిషికి రోజుకూలి. కోట్ల అంచనాలో ఇవి చివరి పుటలో రెండు మూడు పంక్తులు. అటువంటి అంచనా ఏదైనా నా చేతికి వస్తే నేను ముందుగా తీసేది ఆ పుటే.