ఫైలుతో బొంబాయి ప్రయాణం

హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు ఉండగా అమ్మాయి వీసాకి బొంబాయి దాకా ఎందుకు పోవాలి? అమెరికా అల్లుణ్ణి తెచ్చుకున్న ఇళ్లలో మొట్టమొదట వచ్చే సందేహం ఇదే. అల్లుడు ఉద్యోగపు వీసా మీద అక్కడ ఉంటే అమ్మాయి హెచ్-4 మీద వెళ్తుంది, దాని ఇంటర్వ్యూ మన నానక్‌రాంగూడలోనే. కానీ అతను అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి భార్యను శాశ్వతంగా పిలిపించుకుంటుంటే అది ఇమిగ్రెంట్ వీసా. ఆ ఇంటర్వ్యూకి బొంబాయిలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్సుకి వెళ్లాల్సిందే. ఊరి పేరు 1995లో ముంబయిగా మారింది గానీ, మన నోటికి బొంబాయే అలవాటు, నేనూ అలాగే రాస్తాను.

ప్రయాణం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఫైలు. అల్లుడు అక్కడ ఐ-130 అనే పిటిషను వేస్తాడు. పౌరుడైతే వరుసలో నిలబడే పని లేదు, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాడైతే నంబరు వచ్చేదాకా ఆగాలి. అది ఆమోదమయ్యాక డిఎస్-260 ఫారం, అల్లుడు తన ఆదాయం చూపిస్తూ ఇచ్చే హామీ పత్రం, మన వైపు కాగితాలు. ఇదంతా నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో వాకిలి కేసి చూస్తూ కూర్చోకండి, కాగితాల పని ఎంత ముందు మొదలుపెడితే అంత నయం.

పెళ్లికొడుకు సెలవు పది రోజులే అనుకోండి. వ్రతం, విందులు, మేనత్తగారింటి భోజనం అన్నీ అయి ఆఖరి రోజున "అయ్యో, రిజిస్ట్రేషను!" అంటారు. శుభలేఖ, గుడిలో ఇచ్చిన రసీదు అమెరికావాళ్లకి పనికిరావు. సబ్ రిజిస్ట్రారు ఇచ్చే వివాహ ధ్రువపత్రం కావాలి, దానికి ఇద్దరూ వెళ్లి సంతకం పెట్టాలి. అతను విమానం ఎక్కేశాక అది చేయించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. తోటిపెళ్లికూతురి చీర ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, ఇది ముందు చేయించండి. ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లి అయితే మొదటిదానికి కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ కూడా జత చెయ్యాలి. దాచిపెడితే దాగదు.

పుట్టిన తేదీ కాగితం ఇంకో తలనొప్పి. అమ్మమ్మగారి ఊళ్లో, మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లలకి చాలామందికి నమోదే ఉండదు. అప్పుడు రికార్డులో లేదని అక్కడి జనన మరణాల అధికారి ఇచ్చే పత్రం తెచ్చుకుని, దానితోపాటు టెన్త్ మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు పెడతారు. ఆలస్యపు నమోదు చేయించుకోవాలంటే మన రాష్ట్రాల్లో ఆర్డీవో ఉత్తర్వు కావాలి, కనుక ఆ పని ముందే ఎత్తుకోవాలి. తెలుగులో ఉన్న పత్రాలకి ఇంగ్లీషు అనువాదం చేయించండి.

అసలు తగువంతా పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం, పాస్‌పోర్టులో ఇంకోలా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే వీసా మీద ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరైపోయి, పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యు' అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం! అక్కడికెళ్లి బ్యాంకుకీ, లైసెన్సుకీ ఆ మూడక్షరాలే పేరై కూర్చుంటాయి. పెళ్లయింది గదా అని అత్తింటి పేరు మార్చుకోవాలన్న నియమం ఏమీ లేదు. అన్ని కాగితాలూ పుట్టింటి పేరు మీద ఒకేలా ఉంటే అలాగే ఉండనివ్వడం నా మటుకు మేలు.

పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది. అమ్మాయి 16 ఏళ్లు దాటాక దుబాయిలోనో మరెక్కడో 12 నెలలు ఉండి ఉంటే ఆ దేశానిదీ కావాలి. వైద్య పరీక్ష కాన్సులేటువాళ్లు చెప్పిన డాక్టర్ల దగ్గరే, ఇంటర్వ్యూకి ముందే చేయించాలి. నెల తప్పి ఉంటే ఎక్స్‌రేకి ముందే చెప్పమనండి, సిగ్గుపడి ఊరుకోకూడదు.

ఇక ప్రయాణం. నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి బొంబాయి. విశాఖ, విజయవాడ వాళ్లకి కోణార్క్ ఉంది. ఇంటర్వ్యూ నాటి ఉదయం దిగేలా మాత్రం పెట్టుకోకండి, బండి రెండు గంటలు ఆలస్యమైతే గుండె ఆగిపోతుంది. వేలిముద్రల పని వేరే చోట, అంతకు ముందురోజుల్లో ఉంటుంది. బస బాంద్రా, కుర్లా వైపు చూసుకోండి. దాదరులో దిగితే ఆటో కోసం వెతక్కండి, ఆటోలు బాంద్రా, సయాన్‌లు దాటి ఊళ్లోకి రావు, అక్కడ టాక్సీలే. 2024 అక్టోబరు నుంచి భూగర్భ మెట్రోకి కాంప్లెక్సులోనే స్టేషనుంది. పాతకాలంలో వెళ్లొచ్చిన చుట్టాలు "సముద్రం ఒడ్డున, బ్రీచ్ క్యాండీ" అంటారు, వినకండి. 2011 నవంబరులోనే అక్కణ్ణుంచి మారిపోయింది.

లోపలికి అమ్మాయి ఒక్కతే వెళ్తుంది. సెల్‌ఫోను, సంచి రానివ్వరు, అవి మీ దగ్గరే ఉంచుకోండి. అసలు పత్రాలు, వాటి జిరాక్సులు విడివిడిగా ఉండాలి. మోతబరువు పెళ్లి ఆల్బం వద్దు. ఇరువైపుల పెద్దలూ కనిపించే పది పదిహేను ఫోటోలు, తర్వాత ఇద్దరూ కలిసి తిరిగినవి చాలు. సంబంధం ఎలా కుదిరింది, అతని ఉద్యోగం ఏమిటి, అంతకు ముందు పెళ్లయిందా అని అడుగుతారు. బట్టీ పట్టించకండి. ఫైల్లో ఏం రాసి ఉందో మాత్రం అమ్మాయి స్వయంగా చదువుకుని ఉండాలి. నాన్నగారు, అల్లుడు నింపేశారు, నేను సంతకం పెట్టానంటే కిటికీ దగ్గర తడబడుతుంది.

మీరు బయట నిలబడాలి. చుట్టూ అద్దాల మేడలు, వజ్రాల బజారు, పక్కన కూర్చుందామంటే అరుగు కూడా ఉండదు. వానాకాలమైతే గొడుగు మరవకండి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ వైపు ఒక మాట ఉంది. మగవాళ్లు ఈ ఊరి మిల్లులకొచ్చి, ఆడవాళ్లు ఊళ్లో మనియార్డరు కోసం ఎదురుచూసిన రోజుల మాట అది. ఇప్పుడు ఫైలు పట్టుకుని ఆడపిల్లే వస్తోంది. పని అయ్యాక మాటుంగాకి వెళ్తే ఉడిపి హోటళ్లలో మన నాలుకకి నచ్చే ఇడ్లీ, రసం దొరుకుతాయి. పొద్దున్నుంచీ తిని ఉండరు గదా!

221(జి) అని కాగితం చేతిలో పెడితే ఏడవకండి. అందులో అడిగింది ఏడాదిలోగా ఇస్తే కేసు మళ్లీ కదులుతుంది. పాస్‌పోర్టులో వీసా పడి చేతికి వచ్చేవరకు విమానం టిక్కెట్టు కొనొద్దు, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు, సారె సామాను కట్టొద్దు. వీసా గడువు గరిష్ఠంగా ఆరు నెలలు, వైద్య పరీక్ష నాటిని బట్టి ఇంకా తక్కువ పడొచ్చు. ముహూర్తం చూసుకోండి గానీ ఆ తేదీ దాటనివ్వకండి.

అక్కడ దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చే కార్డు రెండేళ్లదే. గడువు తీరే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి ఐ-751 వెయ్యాలి. కాపురం చెడినా, భర్త హింసించినా ఆమె ఒక్కతే ఆ ఫారం వేసుకోవచ్చు, అందుకు 90 రోజుల లెక్క కూడా లేదు. అతను సంతకం పెట్టకపోతే పంపించేస్తారన్న బెదిరింపుకి లొంగి నోరు మూసుకున్న పిల్లలున్నారు. పచ్చళ్ల సీసాలు సర్దే రోజున ఈ సంగతి అమ్మాయితో పక్కన కూర్చుని చెప్పండి. పెళ్లి ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా పేజీ నకళ్లు రెండేసి తీయించి, ఒక కట్ట ఆమె పెట్టెలో, ఇంకో కట్ట మీ బీరువాలో పెట్టండి.