తాబేలుకేం నొప్పి అనుకున్నాను

తాబేలుకి నొప్పి తెలుస్తుందా అని అడిగితే మీరేమంటారు? నేనైతే మొన్నమొన్నటిదాకా "అంత డిప్ప ఉండగా దానికేం నొప్పండీ" అనేదాన్ని.

యూసుఫ్‌గూడలో మా మేడమీద వాటాలో సినిమా మేకప్ అసిస్టెంట్ అబ్బాయి ఉంటాడు. ఔట్‌డోర్ షూటింగుకి వెళ్తూ, కళ్ళ వెనక ఎర్రచార ఉన్న తన నీటి తాబేలుని "ఆంటీ, పది రోజులు చూసుకోండి" అని మాకు అప్పగించాడు. మూడోరోజే బాత్‌రూమ్ తలుపు సందున దాని తోక నలిగింది. తలుపు వేసింది నేనే. అది అరవలేదు. తలా కాళ్ళూ లోపలికి లాక్కుంది, అంతే. కాస్త పసుపు అద్ది ఊరుకున్నాను. రెండు రోజులు మేత ముట్టలేదు, కదల్లేదు. తోక చివర నల్లబడింది.

పశువుల డాక్టరుగారు చూసి, "ఇది నొప్పేనమ్మా. తిండి మానేసి ముడుచుకుపోవడమే వీటి ఏడుపు" అన్నారు. తల దించుకున్నాను.

నల్లబడ్డ ముక్క తీసెయ్యాలన్నారు. తాబేళ్ళు చాలాసేపు ఊపిరి బిగబడతాయి కనుక పీల్చే మత్తు సరిగ్గా ఎక్కదట. అందుకని వెన్నులో ఇంజెక్షన్ ఇస్తామన్నారు. వెన్నెముక డిప్పకి అతుక్కుని ఉంటుంది కదా, మరి సూది ఎక్కడ దిగుతుంది? తోకలో, విడిగా కదిలే పూసల మధ్యనట! 2010లో గలపాగోస్‌లోని పింటా దీవిలో 39 పెద్ద తాబేళ్ళని వదిలేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. మగవాటికి ఇచ్చింది ఈ ఇంజెక్షనేనట. మన జూ పార్కులో 2024 మార్చిలో పోయిన 125 ఏళ్ళ తాబేలు కూడా గలపాగోస్‌దే.

సన్నటి సూదితో లిడోకేన్ ఎక్కించారు. కాసేపటికి తోకా, వెనక కాళ్ళూ వేలాడిపోయాయి. ముందు కాళ్ళు మాత్రం ఆడిస్తూ, కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. మా చిన్నదాని కాన్పు గుర్తొచ్చింది. సిజేరియన్‌కి వెన్నులో సూది గుచ్చాక నేనూ ఇలాగే మెలకువగా పడుకుని, పైనున్న లైటు వంక చూస్తూ ఉండిపోయాను.

మందు దిగాక నొప్పి మాటేమిటని ఈసారి నేనే అడిగాను. ట్రమడాల్ ఇచ్చారు. బ్యూటార్ఫనాల్ అనే మందు ఈ జాతి తాబేళ్ళకి పనిచేయదనీ, మార్ఫిన్ పనిచేస్తుందనీ 2007లోనే తేలిందట. కాకపోతే మార్ఫిన్‌తో ఊపిరి మందగిస్తుందట. మనం మింగే మాత్రలు మాత్రం వెయ్యొద్దని గట్టిగా చెప్పారు.

నాలుగోరోజుకి మేత తింది. అబ్బాయి తిరిగొచ్చి, "తోక కురచయిందేంటి ఆంటీ?" అన్నాడు. దాచకుండా చెప్పేశాను. ఏమీ అనలేదు, దాన్ని తీసుకుని మేడెక్కాడు. ఇప్పటికీ బాత్‌రూమ్ తలుపు వేసేముందు ఒకసారి కిందికి చూస్తాను.