నలభై గుంటల ఎకరం

మా తాతకు చదువు రాదు. కాని కాగితమంటే ప్రాణం. ఆయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే పహాణీ నకళ్ళు, శిస్తు రసీదులు కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. కొన్నింటికి అప్పటికే చెదలు పట్టింది. "ఇవన్ని కంప్యూటర్ల ఎక్కియ్యి బిడ్డా, పంచుకునేటప్పుడు పనికొస్తయి" అన్నాడు నాన్న. బి.యస్సీ. చదువుతూ నాలుగు ముక్కలు పైథాన్ నేర్చినవాడిని, కాదంటానా?

సెలవుల్లో కాగితాలన్నిటికీ ఫోనుతో ఫోటోలు తీశాను. అచ్చు కాగితాలను టెసరాక్ట్ అనే ప్రోగ్రాముకు అప్పగించాను. 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో పుట్టి, 2005 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న ప్రోగ్రాము అది. బొమ్మలోని అక్షరాలను చదివి పెడుతుంది. చేతిరాత మాత్రం దానికి కొరుకుడు పడలేదు. వాటిని నేనే టైపు చేశాను. తర్వాత నా కోడు సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం విడదీసి ఫైలులో దాచింది. విస్తీర్ణాలు కూడింది కూడా. 1.30, 1.20, 0.35 - వెరసి 2.85. "మూడెకరాలకు కొంచెం తక్కువ" అని బాబాయి ముందు గొప్పగా ప్రకటించాను.

బాబాయి ముఖం మాడిపోయింది. "నాలుగెకరాల పైన ఉండాలె గద అన్నా! ఎకరం ఎటు పోయింది?" అన్నాడు. కాగితాలు ఇన్నేళ్ళూ ఉన్నది మా ఇంట్లోనే. ఆ మాట ఎవరికి తగిలిందో వేరే చెప్పాలా? ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

రాత్రి నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎకరానికి ఎన్ని గుంటలురా?"

"నలభై."

"మరి నీ కంప్యూటర్‌కు వంద అని ఎవలు చెప్పిండ్రు?"

తల కొట్టేసినట్లయింది. 1.30 అంటే ఎకరం ముప్పై గుంటలు. ఆ చుక్కను దశాంశ బిందువుగా లెక్కించమన్నది యంత్రం కాదు, నేనే. గుంటలన్నీ కూడితే 85; అంటే రెండెకరాల ఐదు గుంటలు. దానికి విడిగా ఉన్న రెండెకరాలు కలిపితే మొత్తం నాలుగెకరాల ఐదు గుంటలు! తెల్లవారకముందే బాబాయి ఇంటికి పరుగెత్తాను.

మళ్ళీ ఫైలు తిరగేస్తే ఇంకో విచిత్రం. 12/3 సర్వే నంబరు ఎక్సెల్‌లో తెరవగానే మార్చి 12వ తేదీ అయి కూర్చుంది. నవ్వకండి. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లు కూడా ఇలాగే తేదీలుగా మారిపోతుంటే, 2020 నాటికి శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నా ఫైలులో ఎకరాలకొక గడి, గుంటలకొక గడి. సర్వే నంబరు అంకె కాదు, అక్షరాల కింద లెక్క. ప్రతి వరుస చివర అది ఏ ఫోటోలోంచి వచ్చిందో రాసి ఉంటుంది. ఒక ప్రతి మా ఇంట్లో, ఒకటి బాబాయి ఫోనులో.

మిత్రులారా, ప్రమాణం రాయని జవాబుకు మన లెక్చరర్లు మార్కు కోస్తే నేనూ గొణుక్కున్నవాణ్ణే. ఇక గొణగను.